అంటు కట్టిన మాటలు

ఇంగ్లీషు మాటలకి ఒక సదుపాయం వుంది. ఒకే మాట పొద్దున పేరుగా కూర్చుంటుంది, సాయంత్రం నడుం బిగించి పనిలోకి దిగుతుంది. ‘వాటర్’ అంటే నీళ్ళు. మొక్కని ‘వాటర్’ చెయ్యమంటే నీళ్ళు పొయ్యమని. ‘ప్లాంట్’ అంటే మొక్క. నాటమని చెప్పడానికీ అదే మాట. సీడ్, రూట్, బడ్, ఫ్లవర్, బ్రాంచ్, గ్రాఫ్ట్, పాట్... ఒక తోటలో కనిపించే వస్తువుల పేర్లన్నీ వరసగా చెప్పుకుంటూ పొండి, దాదాపు అన్నీ అటు నామవాచకాలే, ఇటు క్రియలే. ‘వీడ్’ అన్నిట్లోకీ గడుసుది. పేరుగా అది కలుపు మొక్క. క్రియగా మారేసరికి తనని తానే పీకేసుకుంటుంది!

మరి మన తెలుగేం తక్కువ తినలేదు సుమండీ. ఆ ‘కలుపు’నే చూడండి. పొలంలో కలుపు తీస్తాం, వంటింట్లో పిండి కలుపుతాం. పండు పండుతుంది. కుట్టు కుడతాం. నవ్వు నవ్వుతాం, తుమ్ము తుమ్ముతాం, దగ్గు దగ్గుతాం, తిట్టు తిడతాం. కాలి కింద ‘అడుగు’ నామవాచకం, నోట్లో ‘అడుగు’ క్రియ. పాలు పొంగితే ఆ పొంగు పొయ్యి మీద పడుతుంది. ఇంతకాలం ఇన్ని మాటలతో కాపురం చేస్తూ కూడా, మాటకి రెండు వేషాలుండడం ఇంగ్లీషు వాళ్ళకే చెల్లిందని అనుకుంటాం. పొరుగింటి పుల్లకూర సామెత వంటకే కాదు, వ్యాకరణానికి కూడా వర్తిస్తుంది.

ఈ సంగతి చెప్పుకోవడానికి కడియం కంటే మంచి చోటు లేదు. రాజమండ్రి దాటి హైవే మీద కాస్త ముందుకు వెళితే చాలు, వేమగిరి, కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వీరవరం... ఊరుకీ ఊరుకీ మధ్య ఖాళీ లేకుండా మొక్కలే. ‘లంక’ అనే తోక వున్న ఊళ్ళన్నీ గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద వెలిసినవి. అక్కడ నర్సరీ అనగానే పెద్దవాళ్ళు తలుచుకునే పేరు పల్ల వెంకన్నగారిది. ఆయన తరం వేసిన దారిలోనే ఇవాళ లారీల కొద్దీ మొక్కలు దేశం నలుమూలలకీ వెళుతున్నాయి.

‘నర్సరీ’ అనే మాట చరిత్ర కూడా ముచ్చటైనదే. ‘నర్సు’ అంటే మొదట్లో పాలిచ్చి పెంచే దాది. ఆవిడ పిల్లల్ని పెంచే గది నర్సరీ. 16వ శతాబ్దం వచ్చేసరికి ఇంగ్లీషు తోటమాలులు ఆ మాటని మొక్కలకి కూడా అరువు తెచ్చుకున్నారు. పిల్లలకైనా మొక్కలకైనా కావలసింది ఒకే రకం కనిపెట్టుకుని వుండడం కదా! ఇంగ్లీషులో ‘నర్స్’ ఇప్పటికీ రెండు పనులూ చేస్తుంది: మనిషి పేరూ అదే, సాకడమూ అదే. మన దగ్గరికి వచ్చేసరికి మాత్రం నర్సు ఆస్పత్రిలో మనిషి, నర్సరీ కడియంలో తోట, పట్నంలో మూడేళ్ళ పిల్ల వెళ్ళే బడి. మూడూ పేర్లే. ఒక్కటీ క్రియ కాలేదు.

ఇదొక్క మాట విషయంలోనే జరిగింది కాదు. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్ని ఏదైనా పట్టుకుని చూడండి. అక్కడ క్రియగా ఎంత చురుగ్గా తిరిగినా, మన గడప దగ్గర చెప్పులు విడిచినట్టు తన క్రియాపదవిని బయటే వదిలి, ఒట్టి పేరుగా లోపలికి వస్తుంది. లోపలికి వచ్చాక మన క్రియ ఒకటి దానికి తోడుగా నిలబడాలి. ‘లవ్’ చేస్తారు, ‘పాస్’ అవుతారు, ‘కాపీ’ కొడతారు. ఎందుకిలా? దానికి కాస్త వెనక్కి, వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పాత ఇంగ్లీషులో నామవాచకానికీ క్రియకీ తోకలు వేరువేరుగా వుండేవి. ప్రేమ అంటే ‘లుఫు’, ప్రేమించడం అంటే ‘లుఫియన్’. రెంటినీ ఎవరూ పొరబడే అవకాశం లేదు. పలకగా పలకగా ఆ తోకలు అరగడం మొదలైంది. 1066లో నార్మన్ల దండయాత్ర వచ్చి, పై వాళ్ళంతా ఫ్రెంచి మాట్లాడుతూంటే, ఇంగ్లీషు చదువుకోని రైతుల నోళ్ళలో ఇంకా స్వేచ్ఛగా అరిగింది. 1500 నాటికి తోకలు దాదాపుగా రాలిపోయి లుఫు, లుఫియన్ రెండూ ఒకే ‘లవ్’ అయ్యాయి. తోక లేనప్పుడు ఏది పేరో ఏది పనో వాక్యంలో దాని చోటుని బట్టి తెలుసుకోవలసిందే. ఆ వెసులుబాటుని షేక్‌స్పియరు ఎంతగా వాడుకున్నాడంటే, ‘అంకుల్’ అనే మాటని కూడా క్రియగా మార్చి పారేశాడు.

అందరికీ ఇది నచ్చిందనుకోకండి. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు 1789లో, నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్‌కి ఉత్తరం రాస్తూ, పేర్లని పట్టుకుని క్రియలు చేసేస్తున్నారని వాపోయాడు. ఆయన్ని బాధపెట్టిన మాటలు ముఖ్యంగా మూడు: నోటీస్, అడ్వొకేట్, ప్రోగ్రెస్. ఆయన గోడు ఇంగ్లీషువాళ్ళెవరూ వినలేదు, ఆ మూడూ అక్కడ హాయిగా క్రియలై కూర్చున్నాయి. తెలుగుదేశం మాత్రం, ఆయన ఉత్తరం చదవకుండానే, ఆయన కోరిక తీర్చింది. మనకి నోటీసు అంటే ఇంటి ఓనరు ఇచ్చే కాగితం. అడ్వకేటు అంటే నల్లకోటు. ప్రోగ్రెసు అంటే పిల్లాడు వెనక దాచుకుని వచ్చే కార్డు. మూడూ చక్కని నామవాచకాలు!

ఇంగ్లండులో తోకలు రాలుతున్న ఆ 11వ శతాబ్దంలోనే, కడియానికి కూతవేటు దూరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయగారు మహాభారతాన్ని తెలుగు చేస్తున్నారు. సంస్కృతం మాటల్ని తెలుగు వాక్యంలో నిలబెట్టాలి. వాటికి తెలుగు తోక తగిలించడం ఒక దారి: ప్రేమించు, వాదించు, భావించు. పక్కన తెలుగు క్రియని నిలబెట్టడం ఇంకో దారి: స్నానం చేయు, దానం చేయు. పై కొమ్మ సంస్కృతం, వేరు తెలుగు. మామిడి అంటు ఎలా కడతారో అలాగే. రాజమహేంద్రవరం చుట్టుపక్కల అంటు కట్టే విద్య మొక్కలకంటే మాటలకే ముందు అబ్బిందన్నమాట.

తర్వాత గోల్కొండ నవాబుల కాలంలో కచేరీ మాటలు వచ్చాయి. దాఖలు చేయు, రద్దు చేయు, ఖర్చు అవు, రాజీ పడు. హిందుస్తానీ క్రియలకైతే మనవాళ్ళు ప్రత్యేకంగా ఒక తోక కుట్టారు: దబాయించు, సతాయించు, ఫిరాయించు, చలాయించు, బనాయించు. దబానా, సతానా అని వాటి చివర క్రియ గుర్తు స్పష్టంగా వినిపిస్తూంటే, క్రియగానే తీసుకున్నారు. 1766లో నిజాముతో ఒప్పందం కుదిరి సర్కారు జిల్లాలు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాక దిగిన మాటలకి ఆ గుర్తు లేదు. తోకలు వాళ్ళ దేశంలోనే రాలిపోయాయి కదా! ‘ఫైల్’ అని వినిపిస్తే అది పేరో పనో ఎలా తెలుస్తుంది? పేరుగానే తీసుకుని, చివర ఒక ఉకారం చేర్చి, పక్కన మన క్రియని నిలబెట్టి వుంటారు. నాకు తోచిన కారణం ఇది. కొంతకాలం రాజమండ్రిలోనూ ఉద్యోగం చేసిన బ్రౌనుదొర ఇలాంటి పరభాషా పదాల కోసమే ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువు తయారుచేసి 1854లో అచ్చు వేయించాడు. అప్పటికే అవి అంత దట్టంగా మొలిచాయి.

ఈ వ్యవహారం ఒకవైపే సాగలేదు. కాటన్‌దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన కట్టడాన్ని ఇంగ్లీషువాళ్ళు ఏమన్నారు? ‘అనికట్’ అన్నారు. అది మన ఆనకట్టే, తమిళుల అణైక్కట్టే. ‘కట్టు’ అనే నిఖార్సయిన ద్రావిడ క్రియ అందులో దాక్కుని వుంది. వాళ్ళు దాన్ని ఒట్టి పేరుగానే తీసుకున్నారు. మనం మాత్రం వాళ్ళ ‘లాక్’ని తీసుకున్నాం. వాళ్ళకది తాళం, తాళం వెయ్యడం కూడా. మనకి కాలవ మీద పడవల్ని ఎక్కించి దించే ‘లాకులు’. గోదావరి జిల్లాల్లో ఆ పేరుతో బస్టాపులున్నాయి. అంటే, అరువు తెచ్చుకునేవాడు ఎవడైనా పేరునే తెచ్చుకుంటాడు. పని చేసుకునే పద్ధతి మటుకు ఇంట్లోదే.

ఈ ఇంటి పద్ధతిలో ఎంత నేర్పు వుందో గమనించారా? ఇంగ్లీషులో ‘స్టార్ట్’ ఒకటే. బండి దానంతట అది మొదలైనా, మనిషి మొదలెట్టినా అదే మాట. తెలుగు ఆ పప్పులు ఉడకనివ్వదు. బండి స్టార్టయిందా, ఆయన స్టార్టు చేశారా తేల్చమంటుంది. ఇంట్లో గాజు గ్లాసు ‘బ్రేక్ అయింది’ అంటారు. ‘బ్రేక్ చేశాను’ అనే మగవాణ్ణి ఎవరూ చూసి వుండరు. పాలు ఓవర్‌ఫ్లో అవుతాయి, డబ్బు ఖర్చవుతుంది, పెరుగు ఫినిష్ అవుతుంది. అన్నీ అయ్యేవే, చేసేవాడు లేడు! వ్యాకరణం పుస్తకం ముట్టని మనిషి కూడా ‘అవు’కీ ‘చేయు’కీ వున్న తేడాని పిసరంత పొరబాటు లేకుండా వాడుతుంది. ఎక్కడ తప్పించుకోవాలో అక్కడ ‘అవు’, ఎక్కడ నిలదీయాలో అక్కడ ‘చేయు’.

అంతకంటే నేర్పు, ఏ మాట పక్కన ఏ క్రియని నిలబెట్టాలో తెలియడం. సైకిలు తొక్కుతాం, లైటు వేస్తాం, లీవు పెడతాం, ఫీజు కడతాం, కాఫీ కలుపుతాం. కాపీ కొట్టేది ఒకడైతే మార్కులు వేసేది ఇంకొకరు. తీసేవాడికి ఫొటో తీయడం, నిలబడేవాడికి ఫొటో దిగడం. పచ్చడి మిక్సీ పడతాం, పిండి మరలో పట్టించినట్టే. ‘మిక్సీ పట్టు’ అనే ముచ్చటైన అంటుని ఏ పండితుడూ కట్టలేదు. ఏ వంటింట్లోనో, రోలు పక్కకి జరిపి మిక్సీకి చోటు చేసిన రోజున, ఎవరో ఇల్లాలు కట్టి వుంటుంది. ఇవేవీ భాషకి పట్టిన తెగులు కావు. వేరు బలంగా వున్న చెట్టు కొత్త కొమ్మని పట్టుకున్న తీరు.

మరి దిగులు పడవలసిందేమీ లేదా? వుంది. కొమ్మ గురించి కాదు, వేరు గురించి.

పూర్వం మన ఇళ్ళల్లో శుభ్రం చెయ్యడానికి ఎన్ని క్రియలుండేవో లెక్కపెట్టండి. వాకిలి ఊడుస్తాం, గచ్చు తుడుస్తాం, మెట్లు కడుగుతాం, మట్టి అరుగు అలుకుతాం. గిన్నెలు తోముతాం, బట్టలు ఉతుకుతాం, జాడిస్తాం, పిండుతాం. బియ్యం చెరుగుతాం, ఏరుతాం, గాలిస్తాం. ప్రతి క్రియలోనూ చెయ్యి కదిలే తీరు వేరు, నీళ్ళు పట్టే కొలత వేరు, నడుం వంగే వంపు వేరు. ఇప్పుడో? ఇల్లు క్లీన్ చేస్తాం, గిన్నెలు క్లీన్ చేస్తాం, బియ్యం క్లీన్ చేస్తాం. తరగడం, కొయ్యడం, చీల్చడం, తుంచడం అన్నీ ‘కట్ చెయ్యడం’ అయ్యాయి. రుబ్బడం, నూరడం, దంచడం ‘గ్రైండ్ చెయ్యడం’లో కలిసిపోయాయి. గుత్తివంకాయకి వంకాయ ‘కట్ చెయ్యి’ అని కొత్త కోడలికి చెబితే, ఆ పిల్ల ముక్కలు చేసి పెట్టింది అంటే తప్పెవరిది? ‘చీల్చు’ అనే మాటలో వున్న వంట ‘కట్’లో లేదు.

ఇక్కడ నష్టం చేసింది ఇంగ్లీషు కాదు. తెలుగు ‘చేయు’! పట్టు, కొట్టు, కట్టు, వేయు, తీయు అనే తోబుట్టువులందర్నీ పక్కకి నెట్టి తనే అన్ని పీటల మీదా కూర్చుంటోంది. గూగుల్‌ని ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు 2006లో క్రియగా చేర్చుకుంది. మనం ‘గూగుల్ చెయ్యి’ అన్నాం. వాట్సాప్ చెయ్యి, ఫోన్‌పే చెయ్యి. కొత్తవాటికి సరే, ‘చేయు’ కాక దిక్కెవరు? కానీ ఎప్పటినించో మన చేతుల్లో వున్న పనులకి కూడా అదే దిక్కవడం ఏమిటి?

భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో రైతుల నోటి మాటలు పోగుచేసి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు. ఊరూరా తిరిగి, నాగలి పట్టినవాణ్ణి అడిగి రాసుకున్న మాటలవి. అలాంటి పని తోటకైనా వంటింటికైనా చెయ్యవలసిందే. మొక్కకి నీళ్ళు పెట్టడమన్న పనికి ఇంగ్లీషు ‘వాటర్’ ఒక్కటే చాలు అనుకుంటుంది. మనకో? కుండీలో నీళ్ళు పోస్తాం, చేనుకి నీరు పెడతాం, మడికి నీరు కడతాం, నారు మీద చల్లుతాం, మట్టిని తడుపుతాం. మొక్కని పెంచడానికి గింజ నాటుతాం, కొమ్మ గుచ్చుతాం, నేల అంటు తొక్కుతాం, మామిడికి అంటు కడతాం. ఒక్కొక్క క్రియ ఒక్కొక్క పాఠం. ఆ క్రియ పోతే పాఠం కూడా పోతుంది.

ఇంతదాకా వచ్చాం కనుక ‘అంటు’ గురించి ఒక మాట. క్రియగా అది తాకడం, కలుసుకోవడం. పేరుగా దానికి మూడు బతుకులు. తోటలో అంటు అంటే కొత్త ప్రాణం. పెరట్లో అంట్లు అంటే మనం తోమవలసిన ఎంగిలి గిన్నెలు. ఊళ్ళో అంటు అంటే, చెప్పుకోవడానికే సిగ్గుపడవలసిన మైల. ‘ముట్టు’ కూడా ఇంతే. ముట్టు అంటే తాకు అని అర్థం. అదే పేరుగా మారి ఆడదానికి తగిలేసరికి, తాకకూడదని అర్థం! క్రియగా వున్నంతసేపు అది ఒక క్షణంలో జరిగి అయిపోయే పని. పేరుగా గడ్డకట్టాక మనిషికి ముద్రలా పడిపోయింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం ఆచారాన్ని రద్దు చెయ్యగలదు గానీ, మాటలో పేరుకున్న మకిలిని తోమవలసింది మాట్లాడేవాళ్ళే. కడియం తోటల్లో ఆ పని చెప్పకుండానే జరుగుతోందనిపిస్తుంది. అక్కడ ‘అంటు’ అంటే దగ్గరికి చేర్చడం తప్ప దూరం పెట్టడం కాదు.

అసలు ఆ అంటు కట్టే పద్ధతి చూడండి. టెంక నాటి పెంచిన మామూలు మొక్కని కుండీతో సహా తల్లి చెట్టు దగ్గరికి తెస్తారు. మంచి జాతి కొమ్మకీ, ఈ మొక్క కాండానికీ ఒక్కొక్కచోట బెరడు చెక్కి, ఆ రెండు గాయాల్నీ ఒకదానికొకటి ఆనించి గట్టిగా కట్టు కడతారు. రెండు మూడు నెలలకి అవి అతుక్కుంటాయి. అప్పుడు మొక్క తల ఒకటి, కొమ్మ మొదలు ఒకటి కోసేస్తారు. పైన బంగినపల్లో సువర్ణరేఖో కాస్తుంది. కింద మట్టిలో నీళ్ళు తాగేది మాత్రం పేరులేని ఆ టెంక మొక్కే.

మన మాటలూ అంతే. పైన సంస్కృతం కాసింది, ఉర్దూ కాసింది, ఇంగ్లీషు కాస్తోంది. ఇంకో వందేళ్ళకి ఏం కాస్తుందో! కానివ్వండి, తినేవాళ్ళం మనమేగా. పిల్లలు ‘డాడీ’ అన్నందుకు ఉలిక్కిపడనక్కరలేదు. వాళ్ళ నోట్లో తోము, ఉతుకు, చెరుగు, తరుగు, నూరు, మెదుపు బతికి వున్నాయో లేదో ఓసారి చూసుకుంటే చాలు. పిల్లని వంటింట్లోకి పిలిచి, ‘హెల్ప్ చెయ్యి’ అనడానికి బదులు ‘ఈ పప్పు కాస్త మెదుపు’ అని చూడండి. మెదపడం అంటే ఏమిటని అడుగుతుంది. గరిటె చేతికిచ్చి చూపించండి. ఆ పూట వేరుకి నీళ్ళు పోసినట్టే.